వంకాయ రంగును మింగిన పొడి

నడుస్తున్న మగ్గాన్ని నాలుగు రోజులు ఆపేసిన ఘనుణ్ణి నేను. నవ్వండి, పరవాలేదు. తిరుత్తణిలో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. నాకే ఇంకా ఒళ్ళు మండుతోంది!

అప్పుడు నేను చెన్నైలో పరిశోధక విద్యార్థిని. మురికినీటిలోని రంగును పట్టేసుకునే నల్లటి నానో పొడిని ఆరు నెలలు కష్టపడి తయారుచేశాను. దాని రేణువులు వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండవు. నా గర్వం మాత్రం తిరుత్తణి కొండంత. పొడిని నీళ్ళలో కలిపి, రంగు అంటుకున్నాక అయస్కాంతంతో లాగేస్తే తేటనీళ్ళు మిగులుతాయి. ఇక లోకాన్ని ఉద్ధరిద్దామని, తిరుత్తణిలో నూలుకు రంగులు వేసే మా నాగభూషణం మామ షెడ్డుకు వెళ్ళాను.

"మామా, నీ మురికినీళ్ళను కొబ్బరినీళ్ళ మాదిరి చేసిస్తా, చూడు."

"తాగమనవు గదా?" అన్నాడు మామ, ఫోను మోగితే బయటికి నడుస్తూ. "ఆ మూల నీలం డ్రమ్ములో ఉండాయి. పోయి చేసుకో."

మూలలో నీలం డ్రమ్ములు రెండున్నాయి! రెండింటిలోనూ ముదురు నీళ్ళే. ఒక్కదాని మీదైనా కాగితం ముక్క అంటించారా? లేదు. పోనీ, నేనైనా ఒక్క మాట అడిగానా? శాస్త్రవేత్త అడుగుతాడా అండీ! దగ్గరున్న డ్రమ్ములో పొడంతా బోర్లించి, కర్రతో తిప్పి, అయస్కాంతం పెట్టాను. కాసేపటికి డ్రమ్ము అడుగు అద్దంలా కనిపించింది. నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను.

అంతలో మామ వచ్చాడు. వెనకే నేతపని చేసే కళావతక్క. ఆమె మగ్గం మీద ఒక పెళ్ళిచీర సగంలో ఉంది. మిగతా సగానికి నూలు కోసం వచ్చింది.

"రంగు యాడైనా కనపడతా ఉందా మామా?" అన్నాను రొమ్ము విరుచుకుని.

మామ డ్రమ్ములోకి తొంగిచూశాడు. "అయ్యో కడవులే, దేవుడా! దీంట్లో ఉండిన రంగు యాడరా?"

"పొడిలో ఉంది మామా! మొత్తం పట్టేసింది!"

"అది మురికినీళ్ళు కాదురా! అక్క చీరకని రెండు దినాలు కూర్చోని కుదిర్చిన వంకాయ రంగు!"

కళావతక్క గోడకు జారగిలబడింది. "నా మగ్గం నిలిచిపోయినట్టేనా మామా? పెండ్లోళ్ళకు ఏం చెప్పేది?"

కోపం ఎవరికి రావాలి? నాకొచ్చింది! "ఎంత బాగా పనిచేసిందో ఒక్కరైనా చెప్పరే!"

"బాగానే చేసినాది. ఇప్పుడా రంగు బయటికి తీ, చూస్తాము."

అది నేను చదువుకోలేదు.

"పోనీ, ఆ రెండో డ్రమ్మునన్నా తేట చెయ్యి."

"పొడి అయిపోయినాది మామా."

మామ రెండు డ్రమ్ములనూ మార్చి మార్చి చూశాడు. "పనికొచ్చే రంగును నీళ్ళు చేసినావు. పనికిరాని నీళ్ళను రంగుతోనే పెట్టినావు. నీకు డాక్టరు పట్టం ఇచ్చేవాడెవడ్రా?"

అదే వంకాయ ఛాయ మళ్ళీ కుదిరేదాకా మగ్గం కదల్లేదు, డ్రమ్ములు కడుగుతూ నేనూ కదల్లేదు. చీర ఎలాగో పెళ్ళికి అందింది.

కనుక సర్వజనులకూ తెలియజేయునది: "ఇది పారబోసేదేనా?" అని ముగ్గురిని అడిగి, వాళ్ళచేత సంతకాలు పెట్టించుకుంటే తప్ప ఇకమీద ఏ నీళ్ళలోనూ చిటికెడు పొడి కలపను. అది కాఫీలో చక్కెర అయినా సరే!