ఫోటోలో పచ్చగా ఉన్న తోట

మా రాజ్యం వదినకి ఫోటో అంటే గిట్టదు. ఆధార్ కార్డులో తన మొహం కోళ్ల దొంగ మొహంలా పడిందని ఇప్పటికీ తిడుతూనే ఉంటుంది. అందుకే తోట ఫోటో తీయడానికి వ్యవసాయాఫీసు నుంచి మనిషి వస్తున్నాడని తెలియగానే తలంటు పోసుకుని, పెళ్లిళ్లకి దాచుకున్న మంగళగిరి చీర కట్టుకుని, బొట్టు దిద్దుకుని జోరువానలో బయల్దేరింది. అప్పుడు నేను నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

మా రెండు మిరప తోటలకీ మధ్య ఒకటే గట్టు. వదిన వయసంతా పరాయి తోటల్లో కూలికి కాయలు కోసింది. ఈమధ్యనే ఎవరెవరినో బతిమాలి రెండెకరాలు కౌలుకు పట్టింది. మా అన్న యలమంద పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పని చేస్తాడు, పండక్కీ పబ్బానికీ తప్ప ఇంటికి రాడు. తోట బరువంతా ఆమెదే. గట్టు మీద చెప్పులు విడవకుండా ఆమె తోటలోకి దిగితే మొగుడికైనా చీవాట్లే. కలుపు కనిపిస్తే నా తోటలోదైనా సరే పీకి పారేసి, నన్ను నాలుగు మాటలు అనేది.

కాయ ఎరుపు తిరిగే వేళకి తుపాను పట్టుకుంది. అసలే నల్లరేగడి, పడిన నీరు పడినట్టే నిలిచిపోయింది. చెట్లు సాళ్లకి సాళ్లు ఒరిగాయి. ఫోటో చూసి నష్టపోయినవాళ్ల జాబితాలో పేరు ఎక్కిస్తేనే సర్కారు సాయం, అది అందితేనే వచ్చే ఏడు మళ్లీ తోట. లేకపోతే వదిన మళ్లీ కూలి మనిషే.

ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసి కూడా, ఫోటో తీసే రోజు పొద్దున్నే, తలంటుకి ముందే నీళ్లలోకి దిగి, ఒరిగిన ప్రతి చెట్టునీ లేపి, మొదళ్లలో బురద అదిమి నిలబెట్టింది. ఎందుకమ్మా ఈ తిప్పలు, పడి ఉన్నవాటిని పడి ఉండనీ అన్నాను. పడిపోయిన పిల్లని లేపకుండా ఎవరైనా ఫోటోకి నిలబడతారా అని నన్నే కసిరింది. మా ఊళ్లో ఏ ఆడమనిషైనా అదే పని చేస్తుంది. ఇంటికి చుట్టం వస్తున్నాడంటే వాకిలి ఊడ్చుకోకుండా ఉంటారా?

వచ్చిన కుర్ర ఉద్యోగి పేరు శ్యామ్ సుందర్. బూట్లు తడవకుండా గట్టు మీదే నిలబడి, గొడుగు కింద నుంచి ఫోన్ చాపాడు. రైతు మొహం, తోట రెండూ కనబడాలట. వదిన తోట మధ్యలో నిలబడి నవ్వింది. వాన కడిగిన ఆకు నిగనిగలాడుతోంది. ఒక్క నొక్కు నొక్కి వెళ్లిపోయాడు.

నీరు నిలిచి ఉరకెత్తిన తోట వానలో చావదు. వేళ్లు నీళ్లలో కుళ్లుతున్నా పైకి పచ్చగానే ఉంటుంది. ఎండ కాశాక తల వాల్చేస్తుంది. ఇక్కడ మిరప వేసినవాడెవడైనా ఈ మాటే చెబుతాడు. అడిగినవాడేడీ?

ఎండ కాసింది. వదిన నిలబెట్టిన చెట్లు నిలబడ్డవి నిలబడ్డట్టే ఎండిపోయాయి. కాయంతా తెల్లబడి తాలైపోయింది. నా తోట పడి ఉన్నది ఉన్నట్టుగా ఫోటోలో పడింది గనక నా పేరు ఎక్కింది. ఆమె పేరు ఎక్కలేదు. బద్ధకస్తుడికి సాయం, ఒళ్లొంచినదానికి మొండిచెయ్యి! ఆఫీసు చుట్టూ తిరిగితే, ఒక తోటకి ఒకటే ఫోటో, ఫోన్ రెండోది తీసుకోదని చెప్పి పంపేశారు. మనిషిగా వచ్చి కళ్లతో చూడమంటే దానికి ఉత్తర్వులు లేవట. చూడడానికి కూడా ఉత్తర్వులు కావాలా?

అక్కడితో ఆగినా బాగుండేది. మండలంలో రైతుల మీటింగు పెట్టి, గుమ్మానికి ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో ఎవరు? మంగళగిరి చీరలో నవ్వుతూ మా వదిన. కింద 'తుపానుకు తల వంచని ఆదర్శ రైతు' అని రాతలు. సన్మానానికి రమ్మని కబురు కూడా పంపారు. వెళ్లొద్దన్నాను. వెళ్లింది.

పెద్ద అధికారి జ్యోతిర్మయి గారు చప్పట్ల మధ్య శాలువా విప్పారు. వదిన చేత్తో ఆపింది.

"నాకొద్దండీ. మా వైపు పోయినోళ్ల మీద కొత్త బట్ట కప్పుతాం. తమరు మా గట్టు దాకా వచ్చి, ఇది తోట మీద కప్పండి."

చప్పట్లు ఆగిపోయాయి. ఆ అధికారి వదిన మొహంలోకి చూసి, పక్కనున్న శ్యామ్ సుందర్ వైపు తిరిగి, "ఈమె తోట పోయిందా?" అని అడిగారు.

అతను గబగబా ఫోన్ తీసి ఆవిడకి చూపించాడు.

"లేదు మేడమ్, పచ్చగానే ఉంది. చూడండి."