వంటింట్లో సంతకం

వార్డు సభ్యురాలికి కాలు ఒకచోట నిలవదు. సభ జరిగే రోజున మరీను. గిన్నె మూత మూడుసార్లు తీసి చూస్తుంది. వీధి తలుపు దాకా వెళ్లి వస్తుంది. కొంగు అంచును వేలికి చుట్టి విప్పుతుంది. గెలిచి పద్నాలుగు నెలలైనా సభలో తన కుర్చీ ఎత్తెంతో ఆమెకు తెలియదు. అందులో కూర్చునేది భర్త. సాయంత్రం గుమాస్తా తీర్మానాల పుస్తకం ఇంటికి తెస్తే, చేయి తుడుచుకుని, హాజరైనట్లు సంతకం చేస్తుంది. ఆ రోజు మాత్రం ముందు చదివింది. సంతలోని ఆడవాళ్ల మరుగుదొడ్డిని తీసేసి, బండ్లు నిలుపుకునే చోటు చేయాలని తీర్మానం. దానికి తలుపు పెట్టిస్తానన్నదే ఓట్లడిగినప్పుడు ఆమె ఇచ్చిన ఏకైక మాట.

"ఇదేంటండీ, తలుపు పెట్టిస్తానంటే గోడలే పీకేస్తున్నారు?"

"నీకెందుకే అవన్నీ? పెట్టు, గుమాస్తాగారు నిలబడే ఉన్నారు," అన్నాడు భర్త.

ఆమె సంతకం చేసి, దాని కింద అంతే గుండ్రని అక్షరాలతో "వంటింట్లో, సాయంత్రం ఆరూ పదికి" అని రాసింది.

గుమాస్తా ముఖం పాలిపోయింది. "అయ్యో, సభ పొద్దున పదకొండుకు కదమ్మా! మీతో కలిపితేనే సభకు కావలసినంత మంది, కోరం నిండేది. ఈ తీర్మానం చెల్లదిక."

"మా గడియారంలో ఆరూ పదేనండీ," అంటూ కలానికి మూత పెట్టి, ఆమె ఆ రోజుకు మొదటిసారి పీట మీద కూర్చుంది.