పెద్దమ్మ ఓడిపోయిన నవల

మా చిన్నప్పుడు కొత్తవాడలో హత్యలన్నీ పొద్దటి పూటే జరిగేవి... మా సాంబయ్య పెద్దబాపు మగ్గం మీద.

భయపడకండి. ఆయన జంపఖానాలు నేసేవాడు, డిటెక్టివ్ నవలలు రాసేవాడు. బస్టాండు దుకాణాల్లో తాడుకు వేలాడే చిన్న సైజు పుస్తకాలు ఉండేవి చూశారా... అవే.

జంపఖానా వెడల్పుగా ఉంటుంది కాబట్టి మగ్గం ముందు ఇద్దరు కూర్చోవాలి. ఆయన పక్కన మా కొమురమ్మ పెద్దమ్మ. చేతుల పని చేతులదే, పెద్దబాపు నోరు మాత్రం కథ చెప్పేది. శవం ఎక్కడ దొరికింది, తలుపు గొళ్లెం ఎట్లా ఉంది... అంతా నేతలోనే పుట్టేది. మగ్గం మీద చెప్పింది ఆదివారం కాగితం మీద పెట్టేవాడు.

నేను వాళ్లింట్లో నూలు కండెలు చుట్టేదాన్ని. బడిలో లెక్కల కంటే హంతకుడి లెక్క నాకు ముఖ్యం... అందుకే తొమ్మిదో తరగతి గడప దాటలేదు.

పెద్దమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ కథ ముప్పావు వంతు అయ్యేసరికి, అన్నం వడ్డిస్తూ హంతకుడి పేరు చెప్పేసేది. ఎట్లా తెలిసిందని ఒకసారి పెద్దబాపు గింజుకున్నాడు.

"పోలీసోళ్లు అచ్చినప్పుడు అందరు చాయ తాగిండ్రు. గా మేనల్లుని చాయ చల్లారింది. కడుపుల అబద్ధం పెట్టుకున్నోనికి చాయ ఎట్ల దిగుతది?" అంది.

ఆయన సగం అన్నంలో లేచిపోయాడు.

పేరు సరిగ్గా చెప్పిందంటే నవల మళ్లీ మొదటికి వచ్చేది. అది ఆయన పెట్టుకున్న నియమం. పెద్దమ్మకు దొరికిన హంతకుడు ఊరంతటికీ దొరికినట్టే అనేవాడు. హంతకుణ్ణి మార్చాలి, వాడి కోసం కొత్త సాక్ష్యాలు పుట్టించాలి... నెలలకు నెలలు పోయేవి. కొన్నిసార్లు ఆ రెండోవాడు కూడా ఆమెకు దొరికిపోయేవాడు.

ఇక నా సంగతి. పుస్తకం అచ్చయి వచ్చి వాడలో చేతులు మారుతుంటే, నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడినవాళ్లకు హంతకుడి పేరు చెప్పేసేదాన్ని. చెప్పొద్దంటే పుల్ల ఐస్ కొనివ్వాలి. "దీని నోట్ల మన్నువడ" అని నన్ను తిట్టని ఆడమనిషి లేదు ఆ వాడలో...

అట్లాంటి రోజుల్లో పెద్దమ్మకు దగ్గు పట్టుకుంది. మగ్గాల ఇళ్లలో దూది నుసికి దగ్గనిది ఎవరు... ఎవరూ పట్టించుకోలేదు. ఆఖరికి మా అమ్మే దవాఖానకు తీసుకుపోయింది. తిరిగి వచ్చాక ఇద్దరూ ఒక్కటే మాట, బలానికి గోలీలు రాశారని. పెద్దబాపు నమ్మాడు. పెద్దమ్మ మగ్గం పక్కన నులకమంచం వేసుకుంది. ఆమె చోట్లో నేను కూర్చున్నాను.

అప్పుడు నడుస్తున్నది ఏటూరునాగారం అడవి బంగ్లాలో హత్య. షావుకారు చచ్చాడు. ఆయన డ్రైవరు, వంటమనిషి, మందులిచ్చే కంపౌండరు... ముగ్గురి మీదా అనుమానం.

ఒకనాడు పెద్దబాపు నూలు కోసం మట్టెవాడ పోయినప్పుడు పెద్దమ్మ నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"కంపౌండరే చంపిండు బిడ్డా. మీ పెద్దబాపుకు చెప్పకు. చెప్తె మల్ల మొదటికెల్లి రాస్తడు. నాకు గంత టైం లేదు. ఈ ఒక్క పుస్తకమన్న చేతుల పట్టుకొని పోత."

అప్పుడు అర్థమైంది నాకు, ఆ గోలీలు బలానికి కావని.

ఆ పూట ఆయన అన్నం తింటుంటే, "గా డ్రైవరే కదా?" అంది పెద్దమ్మ, ఎప్పటిలాగే.

పెద్దబాపు తొడ చరిచాడు. "ఓడిపోయినవ్ కొమురమ్మా!" అని నవ్వాడు. ఎంగిలి చేత్తోనే బయటికి వచ్చి పక్కింటివాళ్లకు చెప్పాడు. ఇన్నేళ్లకు మొదటి రాతలోనే ఆమెకు దొరకని హంతకుణ్ణి పట్టుకొచ్చానని... పండగే ఆయనకు.

పుస్తకం వచ్చింది. పెద్దమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది. వాసన చూసింది. ఆఖరి భాగం చదవమంది. ఆయన గొంతు పెంచి చదివి, కంపౌండరు పేరు దగ్గర ఆగి ఆమె ముఖంలోకి చూశాడు.

"అవ్వో... వాడా!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది పెద్దమ్మ. ఆ చెయ్యి మీదుగా నన్నే చూసింది.

ఆసారి నల్లా దగ్గర నేను నోరు తెరవలేదు. ఐస్ కూడా అడగలేదు.

ఆ ఏడు బతుకమ్మకు పెద్దమ్మ లేదు...

పెద్దబాపు మళ్లీ రాయలేదు. రాయమని ఎవరైనా అడిగితే, "ఎవలకు దొరకకుంట రాయాలె?" అనేవాడు. అంతే. కానీ ఇంటికి వచ్చినవాళ్లందరికీ ఆ పుస్తకం చూపించేవాడు... మా కొమురమ్మ ఓడిపోయిన నవల అని.

మొన్న వానాకాలంలో ఆయన దవాఖానలో పడ్డాడు. చాయ పోసుకుని మంచం పక్కన కూర్చున్నాను. ఉన్నట్టుండి అడిగాడు.

"నిజం చెప్పు పోరీ. మీ పెద్దమ్మకు గా కంపౌండర్ సంగతి తెల్వదా?"

అబద్ధమాడటం నాకు మంచినీళ్లు తాగినంత సులువు. ఊళ్లో ఎవరినైనా అడగండి. "తెల్వదు పెద్దబాపు. పాపం, ఓడిపోయింది" అన్నాను.

ఆయన నా ముఖం చూడలేదు. నా చేతిలో గ్లాసు వైపు చూశాడు... చాలాసేపు.

"చాయ తాగు బిడ్డా. చల్లారింది" అన్నాడు. అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆ మంచం మీది నుంచి ఆయన మళ్లీ ఇంటికి రాలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో మగ్గం లేదు. పక్కపక్కన కూర్చుని కథ చెప్పుకుంటూ చేసే పని ఎవరికీ లేదు. సినిమా వచ్చిన పూటే హంతకుడెవరో ఫోన్లో చెప్పేస్తున్నారు... కనీసం ఐస్ అయినా అడక్కుండా.

మీ ఇంట్లోనూ తెలిసి తెలిసి ఓడిపోయినవాళ్లు ఒకరు ఉండే ఉంటారు. కింద వాళ్ల ముచ్చట రాసి పోండి... ఎవరికీ చెప్పను లెండి.