యాదగిరి సార్, పచ్చి కోడిముక్క

నాచారంలో మొదటి అంతస్తులో ఓ చిన్న కొరియా హోటలుంది. బల్ల మధ్యలోని పొయ్యి వెలిగించి పెనం మీద కోడిముక్కలు పరవగానే ముందు సుయ్యిమనే చప్పుడు, వెనకే నువ్వుల నూనె, వెల్లుల్లి వేగే వాసన. మొన్న మా విభాగంలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిల్ని అక్కడికి తీసుకెళ్ళాను. ఆ వాసన తగలగానే ఫక్కున నవ్వేశాను. ఎందుకని అడిగితే, యాదగిరి సార్ గుర్తొచ్చారన్నాను. వాళ్ళు ఆయన్ని చూడలేదు.

ఆయన, యంత్రాల్లో నూనె కారకుండా బిగించే రబ్బరు సీళ్ళు చేసే మా ఫ్యాక్టరీలో, మిషన్ల దగ్గర పనంతా చూసే షాప్‌ఫ్లోర్ ఇన్‌చార్జి. జనగామ వైపు మనిషి. హెల్పర్‌గా చేరి ఎన్నో ఏళ్ళకు అక్కడిదాకా వచ్చారు. నేనేమో రాజమండ్రిలో ఇంజనీరింగ్ ఫస్టు క్లాసులో పాసై, ఉప్పల్‌లో ఓ హాస్టల్లో దిగి, క్వాలిటీ విభాగంలో చేరాను. తెలియదన్న మాట నోట రానివ్వకుండా చదువు ముగించినదాన్ని. ఎవరేం చెప్పినా తల ఊపేదాన్ని. చేరిన నెలకే, ఓ కొలత పరికరం చూపించి వాడటం వచ్చా అని సార్ అడిగితే అలాగే ఊపాను. సాయంత్రానికి ఒక పూట సరుకంతా పనికిరాకుండా పోయింది. ఆయన అరవలేదు. "తెల్వదంటే నోట్లకెళ్ళి ముత్యాలు రాల్తయా బిడ్డా?" అన్నారంతే. దానిక్కూడా తల ఊపాను.

కొన్నాళ్ళకు కొరియా నుంచి ఓ కంపెనీవాళ్ళు మా ఫ్యాక్టరీ చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. వాళ్ళకి నచ్చితే పెద్ద ఆర్డరు. నచ్చకపోతే ఆ ఏడాదిలోనే ఒక షిఫ్టు మూసేయాల్సిందే. వాళ్ళకు వాళ్ళ తిండే పెట్టించాలని మేనేజర్ గారు నిర్ణయించి, ముందుగా వెళ్ళి పద్ధతులు తెలుసుకు రమ్మని యాదగిరి సార్‌నీ నన్నూ ఈ హోటల్‌కి పంపారు. నేను ఫోన్లో వీడియోలు చూసి, వాళ్ళు తినడానికి వాడే పుల్లలు పట్టుకోవడం రెండు పెన్సిళ్ళతో సాధన చేసి మరీ వెళ్ళాను.

హోటల్ యజమానురాలు కొరియా ఆవిడే. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండటంతో హైదరాబాద్ హిందీ దంచేస్తుంది. సార్ కూర్చుంటూనే, పక్క బల్లలవాళ్ళకీ వినబడేలా, "అమ్మా, మాకేం తెల్వది. ఎట్ల తినాల్నో జర సూపెట్టు," అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "నాకు తెలుసు సార్," అన్నాను. ఆవిడ నవ్వి, చిన్న గిన్నెల్లో నాలుగైదు రకాల కూరలూ, ఎర్రటి మసాలాలో నానిన కోడిముక్కల పళ్ళెమూ పెట్టి లోపలికి వెళ్ళింది. నేను ఠీవిగా పుల్లలు పట్టి ఓ కోడిముక్క అందుకుని నోట్లో వేసుకున్నాను. చల్లగా, జారుడుగా ఉంది. నమిలేకొద్దీ సాగుతోంది.

"ఎట్లున్నది?" అన్నారు సార్.

"చాలా బాగుంది సార్. వాళ్ళ వంట ఇలాగే ఉంటుంది."

రెండోది కూడా అందుకున్నాను. అప్పుడే ఆవిడ లైటర్‌తో వచ్చి, నా పుల్లల మధ్య వేలాడుతున్న ముక్కను చూసి కెవ్వుమంది. "అరే బేటా! కచ్చా హై!" అంటూ, నేను అలంకారమనుకున్న ఇనప మూత తీసింది. దాని కింద పెనం, పెనం కింద పొయ్యి. హోటలంతా నా వైపు తిరిగింది. నేను వాష్‌బేసిన్‌కి పరుగెత్తి నోరు పుక్కిలించి, పుక్కిలించి తిరిగొచ్చేసరికి ఆవిడ చెబుతోంటే సార్ ఒద్దికగా ముక్కలు తిప్పి కాలుస్తున్నారు. బాగా కాలిన ముక్కనొకదాన్ని ఆకులో చుట్టి నా ముందు పెట్టారు.

"గిప్పుడన్న జెప్పు. తెల్సా, తెల్వదా?"

"తెలియదు సార్."

"సూడు, జెప్పుడు ఎంత అల్కగున్నదో!" అన్నారు. అప్పుడు నవ్వారు, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా.

కొరియావాళ్ళు వచ్చిన రోజున, మిషన్లన్నీ చూశాక వాళ్ళలో పెద్దాయన నన్నో ప్రశ్న అడిగాడు. పోయిన వారం రబ్బరు ఉడికించే ఓవెన్ వేడి ప్రతి షిఫ్టులోనూ రిజిస్టర్లో రాశారా అని. ఆయన వెనక నిలబడ్డ మేనేజర్ గారు తల పైకీ కిందికీ ఆడిస్తున్నారు. నా మెడ కూడా అలవాటు కొద్దీ కదలబోయింది. తెలియదు, రిజిస్టర్ చూసి చెబుతానన్నాను. తీరా చూస్తే రెండు రోజులు ఖాళీ. ఉన్నదున్నట్టు చూపించాను. ఆయన ఏదో రాసుకున్నాడు. ఇక మధ్యాహ్నం కొరియా హోటల్‌కి బయల్దేరదీస్తే, ఇంట్లో రోజూ తినేదే కదా, బిర్యానీ పెట్టించమన్నారు.

ఆర్డరు రాలేదు. మేనేజర్ గారు నాతో మాటలు మానేశారు. నేను రాజీనామా రాసి సార్‌కి చూపిస్తే, "ఫికర్ జెయ్యకు. నువ్వు తలూపితే మాత్రం వాళ్ళు బుక్కు అడగకపోదురా?" అని, ఆ కాగితంతోనే మిషన్ మీద నూనె తుడిచేశారు. మూడు నెలలకు, లోపాలు సరిదిద్దుకున్నామో లేదో చూస్తామని వాళ్ళు మళ్ళీ వచ్చారు. పెద్దాయన నేరుగా నా దగ్గరికొచ్చి అదే ప్రశ్న వేశాడు. ఈసారి రిజిస్టర్ నిండుగా ఉంది. ఆర్డరిచ్చారు, షిఫ్టు నిలబడింది.

రెండేళ్ళ కిందట సార్ గుండెజబ్బుతో దవాఖానాలో ఉంటే చూడ్డానికి వెళ్ళాను. కుర్ర డాక్టరు గబగబా ఏదో ఇంగ్లీషులో చెబుతున్నాడు. సార్ కొడుకూ కోడలూ తలలు ఊపుతున్నారు. సార్ చెయ్యెత్తి, "సారూ, నాకు సమజ్ గాలే. ఇంకొక్కపారి జెప్పు," అన్నారు. డాక్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాగితం మీద గుండె బొమ్మ గీసి, మొదట్నుంచీ తెలుగులో చెప్పాడు.

"ఇంకెన్ని దినాలు బతుకుత?" అన్నారు సార్.

డాక్టరు కలం పక్కన పెట్టి, "నాకూ తెలియదు పెద్దాయనా," అన్నాడు.

సార్ నా వైపు తిరిగి, "మంచి డాక్టర్," అన్నారు.

ఆ నెలలోనే ఆయన పోయారు. ఇప్పుడు క్వాలిటీ విభాగం నా చేతికింద ఉంది. ఎవరైనా వచ్చి తెలియదని చెబితే, చేస్తున్న పని ఆపి, కుర్చీ లాక్కుని కూర్చుంటాను.