నలభై అంగుళాల అబద్ధం

మనిషి తన పరువు తానే తీసుకోవడానికి ఎంత సామాను కావాలంటారు? నాకైతే ఒక టర్కీ టవలు, రెండు పిన్నీసులు సరిపోయాయి. సికింద్రాబాద్ తిరుమలగిరిలో, పట్టపగలు, ఓ పెద్దావిడ ఎదుట ఆ ఘనకార్యం చేశాను. నవ్వుకుంటే నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్లు. పెళ్లి కాలేదు. ఖమ్మం నుంచి బదిలీ మీద వచ్చి ఒక ఇంట్లో మేడ మీది గది అద్దెకు తీసుకున్నాను. సికింద్రాబాద్ నిండా జనమే, అందులో నన్నెరిగినవాడు ఒక్కడూ లేడు. ఆఫీసులో ఎవరి డబ్బా వాళ్లు తెరుచుకుని, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ తినేవారు. నా ఫోను మోగిందంటే కస్టమర్ కేరే. ఒకసారి ఆ అమ్మాయి "ఇంకేమైనా సహాయం కావాలా సార్?" అంటే, "ఏమీ వద్దమ్మా, ఇంకేంటి విశేషాలు?" అన్నాను. ఠక్కున పెట్టేసింది.

ఏమీ తోచక తినేవాణ్ణి. తిన్నాక మళ్లీ ఏమీ తోచేది కాదు. ఏడాది తిరిగేసరికి నాకంటే ముందు నా పొట్ట గుమ్మం దాటడం మొదలుపెట్టింది.

కింది వాటాలో ఇల్లుగలావిడ ఉండేది, సురిందర్ ఆంటీ. పంజాబీవాళ్లు. భర్త ఆర్మీలో సుబేదారుగా రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకుని, ఇక్కడే కన్నుమూశారు. ముప్పై ఏళ్లుగా కూరగాయల బండి దగ్గర నేర్చుకున్న తెలుగు ఆవిడది. ఒకరోజు నేను మెట్ల మధ్యలో ఆగి రొప్పుతుంటే చూసింది.

"ఏందీ శ్రీనూ బేటా, పన్నెండు మెట్లకే గిట్ల పరేషాన్ అయితున్నవ్?"

"కాలు బెణికిందాంటీ."

"కాలు కాదు, పొట్ట. నాకు కండ్లు లేవనుకున్నవా? రేపటి సంది నా దగ్గర తినాలె. పొద్దుగాల కసరత్ సుత షురూ."

నన్ను తినమని ఎవరైనా అని ఎన్నాళ్లయిందో! పొట్ట సంగతి దేవుడెరుగు, ఆ ఒక్క మాటకే సరేనన్నాను.

పంజాబీ భోజనం అంటే వెన్నముద్దలు, చెంబెడు లస్సీ అని లొట్టలేసుకుంటూ వెళ్లాను. పళ్లెంలో సొరకాయ కూర వచ్చింది. మర్నాడు ఉడికించిన శనగలు. ఆ మర్నాడు పెసరపప్పు, శనగపిండి కలిపి కాల్చిన మిస్సీ రొట్టెలు రెండు. నూనె వాసన కూడా లేదు.

"వెన్న లేదాంటీ?"

"పొట్ట పోయినంక."

"లస్సీ?"

మజ్జిగనీళ్లలో చిటికెడు జీలకర్ర పొడి వేసి ఇచ్చింది. ఇక అన్నం మాట నేనే ఎత్తలేదు.

పొద్దున ఆరింటికి నన్ను వాకిట్లో నిలబెట్టి, తను కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతూ "ఏక్, దో, ఏక్, దో" అని లెక్కపెట్టేది. గుంజీళ్లు అయ్యాక బొల్లారం దిక్కుగా వడివడి నడక. మొదటిరోజు ఎనిమిదో గుంజీకే చతికిలబడ్డాను.

"మా సాబ్ కొత్త సిపాయిలతోని నూరు తీయిస్తుండె."

"వాళ్లకు పద్దెనిమిదేళ్లు కదాంటీ."

"నోటికి కాదు కసరత్, కాళ్లకు. లెవ్!"

ఆదివారం మధ్యాహ్నం కొలత. బట్టలు కుట్టే టేపు చొక్కా మీదుగానే చుట్టి, అంకె క్యాలెండర్ మీద రాసేది. మొదటి వారం నలభై అంగుళాలు. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని తినేవాళ్లం. సాబ్ ముచ్చట్లు ఆవిడ చెప్పేది, ఆఫీసు గోల నేను చెప్పేవాణ్ణి. మూడు గంటలు ఇట్టే గడిచిపోయేవి. మిగతా రోజులు గబగబా తిని ఆఫీసుకు పరుగే గనక, వారం మొత్తంలో నేను మనిషిలా మాట్లాడింది ఆ మూడు గంటలే.

అయితే ఆవిడ మొదటిరోజే ఒక షరతు పెట్టింది. "ముప్పై ఆరు అయిందా, నా డ్యూటీ ఖతం. ఎనకటి లెక్క నీ వంట నువ్వే చేసుకో. ఫౌజీ ఇంటి మాట, తిరుగుండదు."

మూడు నెలలకు టేపు ముప్పై ఏడున్నర చూపించింది. బుద్ధున్నవాడైతే ఎగిరి గంతేస్తాడు. నా గుండెల్లో మాత్రం రాయి పడింది. ఇంకో అంగుళమున్నర పోతే మళ్లీ ఆ గది, ఆ నాలుగు గోడలు, ఆ కస్టమర్ కేరు!

ఎలాగైనా పొట్టను ఆపాలి. అల్వాల్ దాకా వెళ్లి దొంగచాటుగా ఆరు మిర్చి బజ్జీలు తిన్నాను. శనగలకు అలవాటుపడిన కడుపు వాటిని భరించలేక రెండు రోజులు నన్ను బాత్రూము వదలనివ్వలేదు. ఇంకో అర అంగుళం తగ్గింది! ఏడవాలా, నవ్వాలా మీరే చెప్పండి.

ఇక మిగిలింది టవలు. నాదేమో పలుచన. మేడ మీది దండెం మీద మందపాటి చారల టవలు ఒకటి ఆరుతుంటే తెచ్చి, చొక్కా లోపల చుట్టుకుని పిన్నీసులు పెట్టాను. టేపు ముప్పై ఎనిమిది అంది.

"పెరిగిందేందీ?"

"మొండి పొట్టాంటీ."

"ఫికర్ జెయ్యకు. నడక పెంచుదాం."

పాపం, ఎంత నమ్మకం! ఆ నమ్మకం చూసి నా ధైర్యం పెరిగింది, దాంతోపాటు పొట్టా పెరిగింది. రెండో వారం ముప్పై తొమ్మిది. మూడో వారం నా పలుచటి తువ్వాలు కూడా కలిపి చుట్టి, మళ్లీ నిండా నలభైకి తెచ్చాను. నాలుగో వారమూ అంతే. అంకె రాసి, ఆవిడ నావైపు తిరిగింది.

"నలభై అయినంక కసరత్ పెంచాలె గద. తినేముందు జెర పది గుంజీళ్లు తియ్యి. నా ముందర."

"ఇప్పుడాంటీ?"

"ఇప్పుడే."

నాలుగు తీశాను. అయిదోదానికి పిన్నీసు ఊడి కసుక్కున గుచ్చుకుంది. "అమ్మో!" అని ఎగిరేసరికి చొక్కా కింద నుంచి టవలు జారి, మోకాళ్ల దాకా తోకలా వేలాడింది.

"ఏందిది?"

"టవలాంటీ."

"అది నాకు సుత తెలుసు. నాదే గద! నాలుగు వారాల సంది దండెం మీద లేదు, నీ పొట్ట మీదున్నది."

"మీకు... ముందే తెలుసా?"

"పోయిన వారం పొట్ట ఎడమ దిక్కుండె. ఈ వారం కుడి దిక్కొచ్చింది. కొవ్వు గిట్ల తిరుగుతదా బేటా?"

భూమి నోరు తెరిస్తే దూకేసేవాణ్ణి. "ముప్పై ఆరైతే ఇక రావద్దంటారని..." అంటూనే ఏడ్చేశాను. ముప్పై ఎనిమిదేళ్లవాణ్ణి, టవలు చేత్తో పట్టుకుని, వెక్కి వెక్కి.

ఆంటీ ఆ టవలూ తువ్వాలూ లాగేసి, టేపు మళ్లీ చుట్టింది. ముప్పై అయిదున్నర.

"తెలిసి కూడా నన్నెందుకు అడగలేదాంటీ?"

"అడిగితే టవలు తీస్తవ్. తీస్తే టేపు నిజం చెప్తది. డ్యూటీ ఖతం అని ఫౌజీ ఇంటి మాట నేనే ఇస్తి. ఆ మాట నిలబెట్టుకుని, ఆదివారం నాడు నేనెవరితోని తినాలె?"

ఆవిడ టేపు చుట్టచుట్టి, క్యాలెండర్ మీది నలభైని దిద్దకుండా అలాగే వదిలేసి, రెండు పళ్లేలు పెట్టింది.

"కూసో. వచ్చే వారం చుట్టుకుంటే సమానంగ చుట్టుకో. రాస్తందుకు నాకే సిగ్గయితుంది."

అందుకే ఇక్కడ మీ అందరి సాక్షిగా, రెండు చేతులూ జోడించి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ పొట్టకు టవలు చుట్టుకోను. ఎవరి ఇంట్లోనైనా కూర్చుని కాసేపు మాట్లాడాలనిపిస్తే, తలుపు తట్టి ఆ మాటే చెప్తాను.