ఏడో తరగతిలో ఏం కూర?

కరోనా ఏడాది నేను మెదక్‌లో ఒక ప్రైవేటు బడి పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని, ఏడో తరగతికి. చెప్పేదాన్ని అనడమే గానీ, వినేవాళ్లున్నారో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఫోను తెర నిండా నల్ల గడులు. కెమెరా పెట్టమంటే "డాటా అయిపోతది మేడం" అనేవాళ్లు. పాఠంలో ప్రశ్న అడిగితే ఆ మాటా లేదు. బడిలో వీళ్ల నోరు మూయించలేకే కదా నా గొంతు పోయింది! ఒళ్లు మండేది.

ఇంతలో హెడ్మాస్టరు ఫోన్ చేశారు. "మీ సెక్షన్ పిల్లలు మాట్లాడతలేరంట మేడం. గురువారం నేనొచ్చి కూసుంట. గిట్లనే ఉంటే రెండు సెక్షన్లు కలిపేస్తం."

కలిపితే నా ఉద్యోగం ఊడినట్టే. జీతం సంగతి అటుంచండి, ఆ కోతిమూకంటే నాకు ప్రాణం.

గురువారం పాఠం ఆహారంలోని అంశాలు. మా ఇంట్లో సిగ్నల్ వంటింటి గుమ్మం దగ్గరే వస్తుంది, అక్కడే కూర్చున్నాను. సారు కూడా నల్ల గడిగానే వచ్చి చేరారు. "మాంసకృత్తులు వేటిలో ఉంటాయి?" అని అడిగాను. చప్పుడు లేదు. మళ్లీ అడిగాను.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అత్తమ్మ తలెత్తింది. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ అడిగేది ఒకటే. గ్యాసు బండ తెచ్చినవాణ్నీ వదలదు. ఫోన్లోకి వచ్చినా ఇంటికి వచ్చినట్టేనని ఆవిడ లెక్క. కొంగు సర్దుకుని నా భుజం మీదుగా వంగింది.

"తిన్నరా బిడ్డా? ఇయాల ఏం కూర?"

నా పని అయిపోయిందనుకున్నాను. మైకు మూసేలోపే ఎవరో అన్నారు, "పప్పుచారు నానమ్మా."

"మాది గుడ్డు పులుసు."

"మా తాత ఏడుపాయలకెళ్లి చేపలు తెచ్చిండు, సూస్తవా?" అంటూ ఒక పిల్ల కెమెరా తెరిచి గిన్నె చూపించింది. అంతే, గడులన్నీ టపటపా వెలిగాయి. ఎన్నాళ్లకు చూశానో ఆ మొహాలు! చేపలో ఏముందన్నాను. మాంసకృత్తులు అని అందరూ అరిచారు. పప్పులో కూడా ఉంటాయని ఇంకొకడు కొట్లాటకు దిగాడు. నాకు లేచి గంతులేయాలనిపించింది.

ఒక గడి మాత్రం నల్లగానే ఉంది.

"గీ పిల్లగాడొక్కడే సప్పుడు జేస్తలేడు. తిన్నవా బిడ్డా?" అంది అత్తమ్మ.

"ఆయన హెడ్మాస్టరు, అత్తమ్మా," అని ఆవిడను గిల్లాను.

"అయితేంది, ఆయనకు ఆకలి గాదా?"

ఆ గడి మెల్లగా వెలిగింది. బనీను మీద ఉన్న సారు, చేతిలో కంచం.

"పెరుగన్నం తింటున్న అమ్మా. కూర లేదు."

"అయ్యో పాపం," అంది అత్తమ్మ.

"ఏం గాదు సార్, పెరుగుల గూడ మాంసకృత్తులుంటయి," అని చేపల పిల్ల ఓదార్చింది.

సారు ముద్ద మింగారు. "మేడం, రేపు హాజరు మీ అత్తమ్మనే తియ్యమనుండ్రి."

పిల్లలు విరగబడి నవ్వారు. నాకు మాత్రం ఆ 'రేపు' ఒక్కటే వినిపించింది.