దీవిలో మా అన్న పక్కన

పోయిన మంగళవారం తెల్లవారుతుండగా మా వదిన పోయింది. వాకాడు వైపు సముద్రం ఒడ్డున ఉన్న మా పల్లెలో ఆమె చేతి ఎండుచేప తినని ఇల్లు లేదు. పోయాక తనకు ఎక్కడ చోటు కావాలో ఆమె ఎప్పుడో చెప్పింది. మా పల్లెకు ఎదురుగా కనిపించే దీవిలో, మా అన్న పక్కన. ఆ దీవిని పార్కు చేసి, బోర్డు పాతి, మమ్మల్ని దిగవద్దన్న నాటి నుంచీ నా కడుపులో మంట ఉంది. తాబేళ్లకు, గూడబాతులకు ఉన్న చోటు మా మనిషికి లేకుండా పోయింది. సాగదీసి రాయడం నాకు చేతకాదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మా అన్న తుఫానులో పోయాడు. పడవ తిరగబడింది. వెతగ్గా వెతగ్గా ఆ దీవి ఇసుకలో దొరికాడు. ఉప్పునీళ్లలో నానిన మనిషిని ఊరికి తెచ్చే వీలు లేక అక్కడే పూడ్చిపెట్టాం. వదినకు బిడ్డలు లేరు. అల్లూరు నుంచి పుట్టింటివాళ్లు వచ్చి తమతో రమ్మన్నారు. "ఆయన్ని ఇసకలో వదిలేసి, మీ రొయ్యల గుంటల కాడ నేనేం జెయ్యాల?" అని వాళ్లను పంపించేసింది.

చేపలు ఎండబెట్టి, గంప నెత్తిన పెట్టుకుని అమ్ముకుంది. నోరు పెద్దది. ఎవరైనా వాసనని ముక్కు మూసుకుంటే, వాసన పడనోళ్లు పూలంగడికి పొమ్మనేది. నన్నూ వదిలేది కాదు. మా వలలో తాబేలు పడితే వల కోసి, దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి సముద్రంలో వదలడం మా పెద్దల నాటి పద్ధతి. ఒకసారి నా కొత్త వలలో పెద్దది చిక్కింది. కోయడానికి చేతులు రాక, ముడులు విప్పుతూ కూర్చున్నాను. అది మెడ వాల్చేసింది. వదిన చేపల కత్తి తెచ్చి నా వలను పరపరా కోసేసింది. "వల మళ్లీ అల్లుకుంటావు అబ్బయా. దీన్ని అల్లగలవా?" అంది. కోపంతో కొన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. ఆమే వచ్చి నా పక్కన కూర్చుని చినిగిన వల కుట్టడం మొదలుపెట్టింది. "మాట్లాడబాకలే. దారం అందియ్యి" అంది.

పార్కు రాకముందు ప్రతి అమావాస్యకూ నా పడవలో దీవికి పోయి, అన్న దగ్గర లాంతరు వెలిగించి వచ్చేది. ఒక ఏడు ఎండలు ముదిరేటప్పుడు, లాంతరు తెచ్చుకుందామని అమావాస్య మర్నాడు పొద్దున పోయాం. దాని చుట్టూ ఇసుకలో తాబేలు పిల్లలు చచ్చి పడి ఉన్నాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుగు ఎటుంటే అటు పోతాయి. సముద్రం అనుకుని మా అన్న దీపం దగ్గరికి వచ్చాయి. వదిన గొంతుకూర్చుని ఒక్కొక్కటీ కొంగులోకి ఏరుకుంది. నీళ్లలో వదిలితే ఒకటో రెండో ఈదాయి. మిగిలినవి తేలాయి. "మీ అన్నకు చీకటి అలవాటైపోయింది అబ్బయా. వీటికింకా కాలేదు" అంది. ఆ తరవాత ఆ దీవిలో ఆమె దీపం పెట్టలేదు. పెట్టొద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పార్కు వచ్చినప్పుడు మగవాళ్లం గోల చేశాం. వదిన చేయలేదు. వాటికీ పురుడు పోసుకునే చోటు కావాల గదా అంది. బూట్లతో ఇసుక మీద తిరుగుతున్న ఆఫీసరును, "సారూ, మెల్లిగా నడువు. నీ కాళ్ల కింద కాపరాలుండాయి" అని ఆపింది. ఆయన నవ్వాడు. ఆ రోజే అందరి ముందూ ఆయన్ని తన చోటు అడిగింది. అట్లాగేనమ్మా, నాదీ మాట అన్నాడు. తరవాత బదిలీ అయిపోయాడు.

బోర్డు పెట్టాక ఆమె దీవిలో కాలు పెట్టలేదు. అన్న పోయిన రోజు వస్తే మోకాటి లోతు నీళ్లలో పడవ ఆపించి, అక్కడి నుంచే దణ్ణం పెట్టుకునేది. దిగు వదినా, ఎవడు అడ్డమొస్తాడో చూస్తానని ఒకసారి లేచాను. "నేను దిగితే రేపు పల్లంతా దిగతాది. కూచో" అంది. కూర్చున్నాను. నన్ను కూర్చోమని చెప్పగలిగింది ఈ పల్లెలో ఆమె ఒక్కతే.

ఆమె పోయిన పొద్దున నేను పార్కు ఆఫీసుకు పోయాను. ఇది తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, దీవిలో గొయ్యి తవ్వకూడదని కొత్త ఆఫీసరు అన్నాడు. అందులో తప్పు లేదు. వదినైనా అదే అనేది. మాలో పూడ్చడమే పద్ధతి. ఊళ్లో పూడిస్తే ఆమె ఇక ఇక్కడే ఉండిపోతుందని, నేను పట్టుబట్టి దహనం చేయించాను. పల్లెలో కొందరు నన్ను తిట్టారు. తిట్టనీ.

అస్థికలు ఏరాక మళ్లీ పోయి అడిగాను. గొయ్యి వద్దు, దీపం వద్దు. నేనొక్కడినే చెప్పులు లేకుండా వస్తాను. మీ మనిషిని ముందు నడవమనండి, అతని అడుగులోనే నా అడుగు వేస్తాను. ఈ బూడిద మా అన్న మీది ఇసుకలో కలిపి వచ్చేస్తాను. ఇంతే అడిగాను. పైవాళ్లను అడగాలన్నాడు. మళ్లీ పోతే, చూస్తున్నామన్నాడు.

ఆదివారం ఆమె పెద్దకర్మ. అది దాటితే అస్థికలు ఉంచనివ్వరు మా పల్లె పెద్దలు, సముద్రంలో కలిపేస్తారు. అప్పుడు అలలు ఆమెను ఎక్కడికి తీసుకుపోతాయో నాకు తెలియదు.

అస్థికల కుండ ఇంట్లో పెట్టకూడదు కనుక ఒడ్డున సరుగుడు కొమ్మకు కట్టాను. పొద్దున నేలగాలి తోలినప్పుడు అది దీవి వైపు ఊగుతుంది. తాడు ఉన్నంత మేర పోయి వెనక్కు వస్తుంది. మళ్లీ పోతుంది. పార్కు పెద్దలకు నేను చెప్పేది ఒకటే. చూస్తున్నామనే మాట నాకు వద్దు. శనివారం పొద్దుగూకేలోగా, ఆ తాడు విప్పి పడవెక్కమంటారో వద్దంటారో చెప్పండి.